అక్షరమును సారాయియు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాస మొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరినప్పుడు, దేవాలయ శాసనములను గూర్చియో, పూర్వపు జమీందారుల వంశావళిని గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. లెక్కలు వ్రాయుట వృత్తిగాను, భారత భాగవతములు చదువుకొనుట వ్యసనముగాను గల నావంటివానినుండి అట్టిదే రావలయును. (వ్యసనములలో గృహిణులు క్షమించునది ఇది యొక్కటియే.) కాని గ్రంథాలయమనగా చదువు. ఆ చదువు మన తెలుగునాట నొక పర్యాయము ప్రభుత్వపు బొక్కసమును, సారా కాంట్రాక్టరుల గద్దెలను కదలించినది. అది రాజుల కథ కాదు. లాంతరు వెలుతురున అక్షరములు దిద్దుకొన్న కూలి స్త్రీల కథ. ఇరువదియైదేండ్ల గ్రంథాలయమునకు ఇంతకంటె తగిన చరిత్ర నాకు తోచలేదు.

మద్యము చెడ్డదని మన పూర్వులకు తెలియక కాదు. ఆదిపర్వమున కచుని కథ యున్నది. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో గలిపి గురువైన శుక్రాచార్యునిచేతనే త్రాగింతురు. చచ్చినవారిని బ్రదికించు విద్య నెఱిగిన మహానుభావుడు, తన కడుపులోనికి పోయినది తన శిష్యుడేయని త్రాగిన వెనుక గాని యెఱుగడు. ఆ పిమ్మట నాతడు సురాపానమును మహాపాతకముగా విధించెను. ఇందలి విశేష మేమనగా, ఆ నిషేధము శాస్త్రము చదివి చెప్పినది కాదు, దెబ్బ తిన్నవాడు చెప్పినది. మౌసలపర్వములో దీనికి ప్రతియైన కథ గలదు. ద్వారకలో నెవ్వరును మద్యము చేయరాదని, చేసినవానిని బంధువులతో గూడ కొఱత వేయుదుమని చాటింపు వేయింతురు. చాటింపు విన్న యాదవులే ప్రభాసతీర్థమునకు పోయి, త్రాగి, తుంగపోచలతో నొకరినొకరు కొట్టుకొని నశింతురు. కొఱతకంటె ఘోరమైన శిక్ష లేదు, ద్వారకకంటె కట్టుదిట్టమైన పట్టణము లేదు. అయినను ఆజ్ఞ ఊరి పొలిమేర దాటగానే చల్లారినది.

కౌటిల్యుని త్రోవ వేఱు. అర్థశాస్త్రమున ఆయన సురాధ్యక్షుడను నధికారిని నియమించి, మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని మద్యములను పేర్కొని, వాని పాళ్ళు సైతము వ్రాసిపెట్టెను. మద్యమును గ్రామము వెలుపలికి గొనిపోరాదని నియమము చేసెను. వ్రాతకోతలవాడను గనుక నే నాయనకు చేతులెత్తి నమస్కరింతును. పానదోషములను వేఱొకచోట రాజులకు బోధించినాడు గాని, ఈ సురాధ్యక్ష ప్రకరణములో త్రాగువాని ఇంటిలో పొయ్యి వెలుగునా లేదా యను మాట కానరాదు. ప్రభుత్వమునకు మద్యము ఆదాయపు పద్దుగా కనబడుట అంత ప్రాచీనము.

ఆంగ్లేయులు వచ్చి ఈ పద్దును మఱింత పెంచిరి. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టముతో కల్లు, సారా, వాని అమ్మకము, చెట్లపై పన్ను సర్వము సర్కారు చేతిలోనికి వచ్చెను. నిజాం రాజ్యమునను ఆబ్కారీ పెద్ద పద్దే. 1921లో సహాయనిరాకరణోద్యమకాలమున ఆంధ్రదేశమందలి కల్లు దుకాణముల యెదుట దేశభక్తులు పికెటింగు చేసిరి. 1929లో రాజాజీ తిరుచెంగోడు ఆశ్రమమునుండి ‘విమోచనము’ అను తమిళ పత్రికను కేవలము మద్యనిషేధ ప్రచారమునకే వెలువరించెను. కల్కి కృష్ణమూర్తి ఆయనకు తోడ్పడెను. చదువుద్వారా త్రాగుడు మాన్పింపవలెనను తలంపు దక్షిణదేశమున పత్రికారూపము దాల్చుట అప్పుడే. ఆయనయే 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలోను, మఱుసటియేడు మన చిత్తూరు, కడప జిల్లాలలోను నిషేధము నమలుపఱచి, పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను ప్రవేశపెట్టెను. నేటికిని మన మంగడిలో చెల్లించు పన్నుకు మూలపురుషుడు ఆ నాటి కల్లుకుండయే యని చెప్పిన బాలురు నవ్వుదురు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను నిషేధము వ్యాపించినది. ఆంధ్రరాష్ట్ర మవతరించిన పదమూడు నెలలకే, 1954 నవంబరులో, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క వోటుతో కూలిపోయినదియు మద్యనిషేధపు చర్చమీదనే. దొంగసారా బట్టీలు అడవులలో నుండగా చట్టము కాగితముపై నుండెను. 1960వ దశకపు చివరకు ఆ చట్టమును సడలిపోయినది.

ఇంతవరకు జరిగిన దంతయు పైనుండి క్రిందికి వచ్చినది. ఇక క్రిందినుండి పైకి పోయినదానిని చెప్పెదను.

1980వ దశకమున ప్రభుత్వమే సారాను సంచులలో నింపి గ్రామగ్రామమునకు సరఫరా చేయు పథకము వచ్చినది. దాని పేరు ‘వారుణి వాహిని’. క్షీరసాగర మథనమున పుట్టిన వారుణిని భాగవతములో అసురులు చేపట్టిరి. ఈ పేరు పెట్టినవారెవరో భాగవతము చదివినవారే కావలెను గాని, ఆ కన్య నెవరు చేపట్టిరో మఱచినట్లున్నది. పూర్వము త్రాగవలెనన్నచో దుకాణము దాక నడువవలెను, నలుగురి కంట పడవలెను. పాలిథీను పాకెట్టు వచ్చినపిదప ఆ నడకయు, ఆ సిగ్గును రెండును పోయినవి. పాకెట్టు పొలము గట్టునకు వచ్చెను, రచ్చబండకు వచ్చెను, తుదకు గుడిసె చూరులోనికి చేరెను. 1970-71లో రాష్ట్రమునకు ఎక్సైజు రాబడి 39 కోట్ల రూపాయలు. 1991-92లో 812 కోట్లు. ధరలు పెరిగినమాట నిజమే, జనాభాయు పెరిగినది, వానిని తీసివేయక తప్పదు. తీసివేసినను ఇరువదిరెట్లను దాటిన ఈ పెరుగుదలను ఆ రెండును మ్రింగజాలవు.

ఈ 812 కోట్లు జమవైపు వ్రాసిన లెక్క. ఖర్చువైపు లెక్క ఎవరు వ్రాసిరి? పరపతి సంఘముల పుస్తకములు చాలకాలముగా చూచుచున్నాను. అప్పునకు కారణమను గడిలో ‘ఎరువులకు’, ‘ఎద్దులకు’, ‘పెండ్లికి’, ‘ఇంటి ఖర్చులకు’ అని యుండును. ‘సారాకు’ అని యెవ్వరును వ్రాయింపలేదు. ఆ గడి ఏ పుస్తకమునను లేదు. ఆ గడిని మొట్టమొదట తెఱచినవారు అప్పుడప్పుడే అక్షరములు నేర్చుకొనుచున్న నెల్లూరు జిల్లా స్త్రీలు.

జాతీయ సాక్షరతా మిషను 1988లో ఏర్పడినది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళము దేశములో మొదటి సంపూర్ణాక్షరాస్య జిల్లాగా ప్రకటింపబడెను. ఆ వరుసలో 1991లో నెల్లూరు జిల్లా యందు సంపూర్ణ సాక్షరతోద్యమ మారంభమైనది. జిల్లా కలెక్టరు అధ్యక్షుడుగా సమితి, గ్రామమున స్వచ్ఛందముగా చదువు చెప్పు యువతీయువకులు, పాటలతోను వీథినాటకములతోను ఊరూరు తిరుగు కళాజాతాలు, పగలెల్ల పొలములో నడుము వంచినవారికి రాత్రిపూట పాఠములు. వయోజనునకు ‘అ అనగా అమ్మ, ఆ అనగా ఆవు’ అని చెప్పిన నిద్రవచ్చును. వాని బ్రదుకులోని మాటనే తీసికొని, దానిపై మాటలాడించి, ఆ మాటలోని యక్షరములు నేర్పవలెనని బ్రెజిలు దేశపు విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ ఉపదేశించెను. ఆ పద్ధతియొక్క ఛాయ మన వాచకములలోను పడినది. వానిలో ‘సీతమ్మ కథ’ యను పాఠ ముండెను. త్రాగుడు పాలైన ఇంటి యిల్లాలి కథ యది.

పాఠము చదువుట ముగిసిన వెనుక మాటలాడుట యుండెను. అసలు చదువు అక్కడనే జరిగినది. సీతమ్మ యెవరు? ఇట్టి సీతమ్మ మన యూర నున్నదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుటకు ఏ స్త్రీయు పుస్తకము తిరుగవేయ నక్కఱలేకపోయినది. పలకపై ‘సారా’ యను రెండక్షరములు వ్రాయుట వచ్చిన దినముననే, అది ఇంట నెంత కూలి మ్రింగుచున్నదో లెక్కగట్టుటయు వచ్చినది. ఎవరి దుఃఖము వారి కర్మమని యనుకొన్నవారు, ముప్పది యిండ్ల దుఃఖము ఒక్కటేయని యొక చాపమీద గూర్చుండి తెలిసికొనిరి.

కలిగిరి ప్రాంతమున దూబగుంట యను చిన్న గ్రామము. అచ్చటి స్త్రీలు సుమారు నూఱుగురు ఊరి వెలుపలికి నడచి మొదట కల్లుబండి నాపిరి. కల్లు పారబోయుమని కోరిరి. నష్టము వచ్చినచో తలకొక రూపాయి చొప్పున నూఱుగురమును ఇచ్చుకొందుమని చెప్పిరి. ఈ రూపాయిని గూర్చి చదువరులు నాతోపాటు కొంచెముసేపు నిలువ ప్రార్థన. కల్లుగీతవాడు తమవంటి పేదవాడే యని వారికి తెలియును. వాని నోటికాడి కూడు తీయుట తమకు న్యాయము గాదనియు తెలియును. కోపముతో వచ్చినవారు నష్టపరిహారము లెక్కగట్టి వత్తురా? నే నెఱిగినంతలో ప్రభుత్వ శాఖలు కూడ అంత త్వరగా పరిహారము నిర్ణయింపవు. బండివాడు వెనుదిరిగినాడు. ఆ వెనుక సారా పాకెట్ల జీపు వచ్చినది. దానిని చుట్టుముట్టి పొమ్మనిరి. జీపువానికి రూపాయి ఇత్తుమని యనలేదు. పేద గీతకానికిని, ధనికుడైన కాంట్రాక్టరునకును గల భేదమును ఏ అర్థశాస్త్రమును చదువకయే వారు గుర్తించిరి.

దూబగుంట దుకాణము మూతపడినది. ఈ స్త్రీల ముందు నడచిన రోశమ్మగారి పేరు దేశమంతట మ్రోగినది. ఆమె 2016లో పరమపదించినది. అయితే చరిత్రకారునకు ముఖ్యమైన విషయము మఱొకటి. ఆ యూరిలో జరిగిన దానినే మరల పాఠముగా వ్రాసి, సాక్షరతానంతర వాచకములో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అను పేరుతో అచ్చువేసిరి. మొదటి పాఠము నుండి కార్యము పుట్టినది. ఆ కార్యము నుండి రెండవ పాఠము పుట్టినది. రెండవ పాఠము జిల్లాయంతటి రాత్రి బడులకు పోయినది. పుస్తకము ఊరిని మార్చుట, ఊరు తిరిగి పుస్తకములోనికి వచ్చుట, అట్టిది నేను వేఱొకచోట చదువలేదు. 1992 వచ్చునప్పటికి గ్రామగ్రామమున దుకాణములు మూతపడజొచ్చినవి. చీపురుకట్టలు, కారపుపొడి వారి యాయుధములు. త్రాగివచ్చిన భర్తకు అన్నము వండమని కొందఱు పొయ్యి యార్పిరి. ‘ఈనాడు’ పత్రిక ‘సారాపై సమరం’ అను శీర్షిక క్రింద ప్రతిదినము ఈ వార్తలను ప్రకటించినది. నెల్లూరులో సారా వేలములు 17 పర్యాయములు వాయిదాపడినవని చెప్పుదురు.

ఇందులోని చమత్కారమును గమనింపుడు. సాక్షరతా సమితికి అధ్యక్షుడు కలెక్టరు. సారా వేలపుపాట జరుగవలసినదియు కలెక్టరు కచేరీలోనే. ఒకే సంతకము క్రింద ఒక కాగితము సీతమ్మను చదువుమన్నది, మఱియొక కాగితము సీతమ్మ మగనికి సారా పంపినది. మన పురాణములలో నొకే తండ్రికి సురులును అసురులును పుట్టిరని యున్నది గదా, ఆశ్చర్యపడ నక్కఱలేదు.

1993 ఏప్రిలు 15న నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1994 డిసెంబరులో నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన నాడే సంపూర్ణ మద్యనిషేధపు దస్త్రముపై సంతకము చేసిరి. 1995 జనవరిలో నది యమలునకు వచ్చెను. పొరుగు రాష్ట్రములనుండి దొంగసరకు, ఖాళీ యగుచున్న ఖజానా, ఇత్యాది కారణములు చెప్పి 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము దానిని ఎత్తివేసినది. సారాపై నిషేధము మాత్రము నిలిచినది. సీసామద్యము దుకాణములకును, అక్కడినుండి గ్రామములలోని బెల్టు దుకాణములకును చేరినది.

ఈ చరిత్రను చదివినవారు సాధారణముగా ‘చట్టము విఫలమైనది’ అని యందురు. నా తలంపు వేఱు. చట్టము వచ్చిన వెనుక పాఠము ఆగిపోయినది. పని యయిపోయినదనుకొని లాంతరు లార్పివేసిరి. రాత్రి బడులు నానాటికి పలుచబడి, వాచకములు అటుకలెక్కినవి. తల్లులు నేర్చిన పాఠము కొడుకులకు చెప్పువారు లేరైరి. 1997లో మద్యము తిరిగివచ్చినప్పుడు పదునైదేండ్లున్న బాలునకు సీతమ్మ యెవరో తెలియదు. ద్వారకలో చాటింపు మాత్రమే యున్నది. నెల్లూరులో పాఠము ముందుండి చాటింపు వెనుక వచ్చినది, గనుకనే గెలిచినది. రాష్ట్రమంతటికిని పోవునప్పటికి చాటింపు మాత్రమే మిగిలినది.

నిలిచినది లేకపోలేదు. దూబగుంట స్త్రీలు కల్లుబండివానికి ఇత్తుమన్న రూపాయి వృథాపోలేదు. 1993 మొదలు నెల్లూరు జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ యను పేర స్త్రీలు దినమునకొక రూపాయి కూడబెట్టు సంఘములు బయలుదేరినవి. సారాకు పోకుండ మిగిలిన రూపాయికి పుస్తకము పెట్టిరి. నేడు ఊరూరనున్న స్వయంసహాయక సంఘముల వెనుక ఈ చరిత్ర కొంత యున్నదని మన సంఘ నాయకురాండ్రలో నెందఱికి తెలియునో!

చదువు చెప్పినంతమాత్రమున త్రాగుడు మానుదురను భ్రమ నాకు లేదు. అమెరికా దేశమున మేరీ హంట్ అను నామె ప్రోద్బలముచే, 1901 నాటికి అన్ని రాష్ట్రముల పాఠశాలలలోను మద్యదోషములు బోధింపవలెనని చట్టములు వచ్చెను. ఒక చుక్క త్రాగినను దేహము దగ్ధమగునన్నట్టుల ఆ వాచకములు బాలురను వెఱపించినవి. 1903లో అచ్చటి పండితుల సంఘ మొకటి ఆ పుస్తకములను పరిశీలించి, వానిలో శాస్త్రముకంటె అతిశయోక్తి మిక్కుటమని తేల్చినది. ఆ పాఠములు చదివిన తరమే 1920లో దేశమంతటను నిషేధము తెచ్చినది, 1933లో తీసివేసినది. 1983లో లాస్ ఏంజిలీసులో పోలీసువారు బడులకు పోయి మాదకద్రవ్యములను గూర్చి చెప్పు పథకము ప్రారంభించిరి. అది మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది గాని, పరిశోధకులు విచారింపగా పిల్లల యలవాట్లలో దానివలన కలిగిన మార్పు స్వల్పమని తేలినది. భయమును, ఉపన్యాసమును విని బాలుడు తల యూపును; మఱునాడు స్నేహితుడు సీసా చేతి కిచ్చినప్పుడు ఆ యుపన్యాసము వాని నోటికి మాట నందింపదు. సీతమ్మ పాఠము మాట నందించినది. అదియుగాక, ఆ పాఠము త్రాగువానికి చెప్పినది కాదు, త్రాగుడువలన పస్తున్నవారికి చెప్పినది. ఎవరికి చెప్పవలెనో తెలిసికొనుట సగము విద్య.

ఇప్పటి సంగతి కొంత చెప్పక తప్పదు. 2019లో ప్రకటితమైన కేంద్రప్రభుత్వ సర్వే ప్రకారము 10 మొదలు 75 ఏండ్ల వయస్సు గలవారిలో నూటికి 14.6 మంది మద్యము సేవించుచున్నారు. మద్యమువలన హాని పొంది సహాయ మవసరమైనవారు 5 కోట్ల 70 లక్షలకు పైబడియున్నారు. మద్యము క్యాన్సరు కలిగించునదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించినది. ఈ మాట నేటికిని మన రచ్చబండ కెక్కలేదు. దానికి తోడిప్పుడు గంజాయి వచ్చినది. 1991లో సీతమ్మకు శత్రువు కంట కనబడెను. జీపులో వచ్చెను, దాని నాపవచ్చును. నేడు కళాశాల బాలుని చొక్కాజేబులో నున్న పొట్లమునకు ఎదురు నిలుచుట కే బండి నాపవలెను?

మఱియొక విషయము ఆనాటి వాచకములలో చాలినంత రాలేదు. ఏండ్లతరబడి దినదినము త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. అట్టివానిని గదిలో పెట్టి గొళ్ళెము వేయుట, గుడిలో ప్రమాణము చేయించుట వైద్యము కాదు, వైద్యుని చూపవలెను. వ్యసనము పాపమని మన శాస్త్రము, వ్యాధియని నేటి వైద్యము. పాపమన్నచో దాచుకొందురు, వ్యాధి యన్నచో చెప్పుకొందురు. నేను వైద్యమువైపే యున్నాను, శుక్రాచార్యులవారు మన్నింతురు గాక. కేంద్రప్రభుత్వము 2020 ఆగస్టు 15న 272 జిల్లాలలో నశాముక్త భారత ఉద్యమమును ప్రారంభించినది. 14446 అను సంఖ్యకు ఫోను చేసినచో ఖర్చు లేకుండ సలహా దొరకును. ఈ సంఖ్యను మన గ్రంథాలయ ద్వారముపై పెద్ద యక్షరములతో వ్రాయింపవలసినదని కార్యవర్గమువారికి ఇదివఱకే విన్నవించియున్నాను. ఎవరి కొంప యెదుటనో వ్రాసినచో వారికి సిగ్గు. గ్రంథాలయము గోడకు సిగ్గు లేదు.

వారమునకొక రాత్రి మన చదువుగదిలో యువకులకును, తల్లులకును కలిపి ఒక పఠనము పెట్టవలెనని నా రెండవ విన్నపము. ఉపన్యాసకుడు వద్దు. ఒక కథ చదువుట, పిమ్మట గూర్చున్నవారు మాటలాడుట. మాటలాడినది ఎవరైన వ్రాసియుంచుట. మూడు నెలలలో మన యూరి వాచకము మనకే తయారగును.

ఇక కడపటి సంగతి. ఈ వ్యాసము వ్రాయుటకై 1991, 92 సంవత్సరముల నాటి ఆ రెండు వాచకములకొఱకు మన బీరువాలన్నియు వెదకితిని. ప్రబంధములు దొరకినవి, పంచాంగములు దొరకినవి, అవి మాత్రము లేవు. ఆనాడు ఆ రాత్రిబడులలో చదివినవారును, చదువు చెప్పినవారును ఈ సంచిక చేరు ప్రాంతములలో నిప్పటికిని ఎందఱో యుందురు. ఎవరి యటుకమీదనైనను, ఎవరి పాతపెట్టెలోనైనను చిరిగిన ప్రతి యున్నను సరే, మన గ్రంథాలయమునకు పంపింపవేడెదను. అట్ట కట్టించి, ఇచ్చినవారి పేరు వ్రాసి, భారతము ప్రక్కన పెట్టెదము.